పిల్లల తరఫున పూచీ పడిన జాన్ అగస్టస్



ఒక ఇంటికి కోర్టు కాగితం వస్తే ఆ ఇల్లు ఎట్లా మారిపోతుందో మీలో కొందరికి అనుభవమే. అది పద్నాలుగేళ్ల పిల్లవాడి పేరు మీద వస్తే ఇక చెప్పనక్కరలేదు. నిన్నటిదాకా పెరుగు తోడుకని, చింతపండుకని వచ్చిపోయే పక్కింటివారు ఉన్నట్టుండి రావడం మానేస్తారు. తండ్రి మాట తగ్గిస్తాడు. తల్లి, పెద్దమనిషి అని పేరున్న ప్రతివారి గడపా ఎక్కి దిగుతుంది. కొన్నాళ్లకు న్యాయపీఠంవారు పిల్లవాణ్ణి ఇంటికి పంపుతామనీ, వాడి మంచి నడతకు మీరు పూచీ పడండి అనీ చెబుతారు. ఊరివారు వాడు బయటపడ్డాడని అనుకుంటారు. నిజానికి ఆ ఇంటివారి కష్టం ఆ రోజు నుంచే మొదలవుతుంది. వాయిదాకు వాయిదాకు కూలి పోగొట్టుకొని వెళ్లాలి. బడిలో మళ్లీ చేర్చుకోమని బతిమాలాలి. వాడు సాయంత్రం ఒక గంట ఆలస్యంగా వస్తే గుండె గుప్పిట్లో పెట్టుకొని కూర్చోవాలి. ఇంత బరువు మోసే ఇంటికి తోడు ఎవరు?

ఈ ప్రశ్న నన్ను కొన్నేళ్లుగా వేధిస్తున్నది. ఎందుకో తరువాత చెబుతాను. ముందుగా ఈ వారం మీకు ఒక మనిషి జీవితం చెప్పదలచాను. ఆయన పునీతుడు కాడు, గురువు కాడు, కతోలికుడు కూడా కాడు. న్యాయశాస్త్రం చదివినవాడు అసలే కాడు. బూట్లు కుట్టుకొని బతికినవాడు. పేరు జాన్ అగస్టస్. తప్పు చేసినవారిని చెరసాలకు తోయకుండా, కనిపెట్టి చూసే ఒక మనిషి చేతి కింద ఇంటి దగ్గరే ఉంచే పద్ధతిని ప్రొబేషన్ అంటారు. దాని చరిత్ర ఎవరు రాసినా మొదటి పుటలోనే ఈయన పేరు కనిపిస్తుంది.

అగస్టస్ 1785 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టాడు. యౌవనంలో లెక్సింగ్టన్ అనే ఊరు చేరి బూట్లు కుట్టే పనిలో స్థిరపడ్డాడు. పని బాగా సాగింది. నలుగురికి పని ఇచ్చే స్థితికి వచ్చాడు. తరువాత బోస్టన్ నగరానికి కాపురం మార్చాడు. తోలు పని అనగానే మన ఊళ్లలో వెంటనే మనిషిని ఎక్కడ నిలబెట్టేవారో మీకు తెలియనిది కాదు. మన విచారణల్లో ఎందరి తాతలు ఆ పని చేసి, ఊరివారి కాళ్లకు చెప్పులు తొడిగి, తాము మాత్రం ఊరి వెలుపలే ఉండిపోయారో మనకు తెలుసు. బోస్టన్‌లో ఆ పనికి అటువంటి అంటు లేదు గాని, కోర్టులో నోరు విప్పేటంత గౌరవమూ లేదు. ఈ సంగతి గుర్తుంచుకొని మిగతా కథ చదవండి.

1841 నాటికి ఆయన దుకాణం పోలీసు కోర్టుకు దగ్గరలోనే ఉన్నది. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్లు. మద్యపానం మాన్పించే ఒక సంఘంలో సభ్యుడు కావడం వల్ల అప్పుడప్పుడు కోర్టుకు వెళ్లి కూర్చునేవాడు. ఆ ఏడాది ఆగస్టు నెలలో ఒక ఉదయం చినిగిన బట్టలతో, చూడడానికే దయనీయంగా ఉన్న ఒక తాగుబోతును తెచ్చారు. నేరం రుజువైంది. దిద్దుబాటు గృహం అనే పేరు గల జైలుకు పంపడమే ఆనవాయితీ. దాని పేరులో తప్ప దిద్దుబాటు ఎక్కడా ఉండేది కాదని అగస్టస్‌కు తెలుసు. న్యాయమూర్తి తీర్పు చెప్పకముందే ఆయన ఆ మనిషితో నాలుగు మాటలు మాట్లాడాడు. ఇక తాగనని అతడు మాట ఇచ్చాడు. అగస్టస్ లేచి అతనికి తాను జామీను ఉంటానన్నాడు. కోర్టు మూడు వారాలు గడువు ఇచ్చింది.

మూడు వారాల తరువాత తిరిగి వచ్చిన మనిషిని చూసి అతడే ఇతడని ఎవరూ నమ్మలేదు. న్యాయమూర్తి సంతోషించి ఒక్క సెంటు జరిమానా వేశాడు. కోర్టు ఖర్చులతో కలిపి మూడు డాలర్ల డెబ్బై ఆరు సెంట్లు అయింది. అతడు అక్కడికక్కడే చెల్లించి ఇంటికి పోయాడు.

ఇంటికి పోయాడు అన్న ముక్క దగ్గర ఒక్క క్షణం ఆగండి. తాగినవాణ్ణి జైల్లో పెడితే తిండి వాడికి దొరుకుతుంది. పస్తు ఉండేది వాడి భార్యా పిల్లలు. బియ్యం బస్తా ఖాళీ అయిన ఇంట్లో పన్నెండేళ్ల వాడు ఏం చేస్తాడు? రేవులో సామాను దించే చోట చేయి చాపుతాడు. కొన్నాళ్లకు వాడే కోర్టుకు వస్తాడు. తండ్రిని జైలుకు పంపిన రోజే కొడుకు కేసుకు విత్తనం పడుతుంది. తాగుబోతుల కోసం కోర్టు మెట్లెక్కిన ఆ బూట్ల పనివాడు రెండేళ్లకే పిల్లల కోసం అక్కడ నిలబడ్డాడంటే అందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

1843లో ఆయన మొదటిసారిగా పిల్లలకు జామీను ఉన్నాడు. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె, పదేళ్ల పిల్ల ఒకతె, పదకొండేళ్ల పిల్లవాడు ఒకడు. ఆ వయసులో మన పిల్లలు ప్రథమ దివ్యసత్ప్రసాదానికి సిద్ధపడుతుంటారు. 1846 నాటికి తొమ్మిదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు దాదాపు ముప్పై మంది ఆయన పూచీ మీద ఉన్నారు.

అది ఎటువంటి కాలమో కొంచెం చెప్పాలి. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. అదే వారికి అన్నం. కరవు వచ్చింది. బతికి ఉన్నవారు ఓడలెక్కి వేలాదిగా బోస్టన్ రేవులో దిగారు. 1847 అన్నిటికంటె ఘోరమైన సంవత్సరం. ఆ వచ్చినవారిలో ఎక్కువమంది కతోలికులు. బోస్టన్ వారికి కతోలికులంటే గిట్టదు. అంతకు ముందు 1834లోనే ఆ నగరం పక్కన ఛార్లెస్‌టౌన్‌లో ఉర్సులైన్ మఠకన్యల మఠాన్ని ఒక గుంపు తగలబెట్టింది. అటువంటి ఊళ్లో చేతిలో పని లేని తండ్రి, చంకలో బిడ్డతో తల్లి, వీధిన పడిన పిల్లలు. పోలీసు కోర్టు మెట్లెక్కిన పేదల్లో వీరి పిల్లలూ ఎందరో ఉండేవారు.

ఇక 1847 సంగతి. ఆ ఏడాది ఏడేళ్ల నుంచి పదిహేనేళ్ల లోపు మగపిల్లలు పందొమ్మిది మందికి అగస్టస్ జామీను ఉన్నాడు. ఏడేళ్ల వాడికి కోర్టులో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ రోజుల్లో పిల్లలకు వేరే కోర్టు లేదు. పెద్దలు నిలబడిన బోనులోనే పిల్లలూ నిలబడాలి. బోను అంచు మీద నుంచి తల కనబడకపోయినా నిలబడాలి.

అగస్టస్ న్యాయమూర్తులతో ఒక ఒప్పందానికి వచ్చాడు. ఈ పిల్లల కేసులను వెంటనే తేల్చవద్దు, నెల నెలా వాయిదా వేయండి. ప్రతి నెలా పేర్లు పిలిచే రోజున నేను వచ్చి నిలబడతాను. ఎవరు ఎట్లా ఉన్నారో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఇదీ ఒప్పందం. ఇట్లా అయిదారు నెలలు సాగింది. ఆ కాలమంతా ఆయన చేసిన పని ఏమిటంటే, పిల్లలు ఎవరితో తిరుగుతున్నారో కనుక్కోవడం, బడి ఈడు వారిని బడికి పంపేటట్టు చూడడం, పని ఈడు వారికి నిజాయితీ గల పని ఏదైనా చూపించడం. ఒక పిల్లవాడికి జామీను ఉండేముందు ఆయన వాడి పూర్వపు నడత, వయసు, ఇకముందు వాడి చుట్టూ ఎవరు ఉండబోతారు అన్న మూడింటినీ విచారించేవాడు. అయితే వీటిని కొలబద్దలా పట్టుకొని కూర్చోలేదు. 

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు అరిస్టాటిల్ పాఠం ఒకటి ఉండేది. మంచి పనులు చేస్తూ చేస్తూ మనిషి మంచివాడు అవుతాడేగాని, ముందు మంచివాడై తరువాత మంచి పనులు చేయడు అని ఆయన వాదం. సితారు వాయిస్తేనే సితారు వస్తుంది అన్నట్టు. పరీక్షలో రాసి మరచిపోయాను. అగస్టస్ జీవితం చదివినప్పుడు ఆ పాఠం మళ్లీ గుర్తుకు వచ్చింది. చట్టం వెనక్కు తిరిగి చూస్తుంది, ఏం చేశావు అని. ఈ బూట్ల పనివాడు ముందుకు చూశాడు, రేపు ఉదయం నువ్వు ఎక్కడికి వెళతావు అని. బడికా, పనికా, రేవుకా? పిల్లవాడు మారాడా లేదా అని ఆయన ఎదురుచూస్తూ కూర్చోలేదు. మారడానికి కావలసిన రోజులను ఒకటొకటిగా వాడి చుట్టూ కూర్చాడు.

ఇంకొక మాట. మన కతోలిక తెలుగులో గురువుకు అప్పగించిన సంఘాన్ని విచారణ అంటాము గదా. కోర్టువారు కేసు నడపడాన్నీ విచారణ అనే అంటారు. రెండూ ఒకే మాట. మంచి చెడ్డలు విచారించడం అన్నప్పుడు అందులో కనికరం ఉంటుంది. కేసు విచారించడం అన్నప్పుడు బెరుకు పుడుతుంది. అగస్టస్ ఈ రెండు విచారణల మధ్య ప్రతి నెలా నడిచాడు. కోర్టుకు ఇంటి సంగతి చెప్పాడు, ఇంటికి కోర్టు సంగతి చెప్పాడు. నా అభిప్రాయంలో ఆయన కనిపెట్టినది ఇదే. జామీను అంతకుముందూ ఉన్నది. జామీను ఉన్నవాడు మళ్లీ మళ్లీ రావడమే కొత్త.

గడువు తీరిన రోజున పన్నెండు మంది పిల్లలను ఒకేసారి కోర్టుకు తెచ్చారు. మొదట పట్టుకొచ్చినప్పటి ముఖాలకు, ఆ రోజు ముఖాలకు పోలిక లేదు. న్యాయమూర్తి ఆశ్చర్యపోయాడు, ఆనందించాడు. చట్టం దేనికోసం ఉన్నదో అది నెరవేరిందని ఒప్పుకున్నాడు. అయినా చట్ట ప్రకారం ఏదో ఒక శిక్ష వేయాలి గనుక ఒక్కొక్కరికి పది సెంట్ల జరిమానా విధించాడు.

పది సెంట్లు ఆ రోజుల్లో కూలివాడి దినకూలిలో చిన్న ముక్క. పిల్లల్లో ఏడుగురి దగ్గర అది కూడా లేదు. అగస్టస్ తన జేబులోంచి కట్టాడు. మిగతావారికి తల్లిదండ్రులు చెల్లించుకున్నారు.

ఈ చిన్న లెక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అయిదారు నెలలు పిల్లవాడు తిన్నగా నడిచాడు. అంత పెద్ద కొండ ఎక్కాడు. చివరి మెట్టు దగ్గర పది సెంట్లు లేక మళ్లీ జైలుకు జారిపోయే పరిస్థితి. అది పిల్లవాడి గుణం లోపమా, ఇంటి లేమా? మన దగ్గర కూడా ఒక తల్లి వాయిదాకు రాలేదంటే ఆమెకు బిడ్డ మీద అక్కర లేదని గుమాస్తా రాసుకోవచ్చు. ఆమె దగ్గర బస్సు చార్జీ లేకపోయి ఉండవచ్చు. అక్కర లేకపోవడానికీ, చార్జీ లేకపోవడానికీ కాగితం మీద తేడా కనిపించదు. ఇంటికి వెళ్లి చూసినవాడికే కనిపిస్తుంది. ఆ ఏడుగురి ఇళ్లలో పది సెంట్లు లేవన్న సంగతి అగస్టస్‌కు ఇంటి సంగతులు తెలిసినవాడు గనుకనే తెలిసింది.

ఆ పిల్లల్లో ఎవరూ ఇచ్చిన మాట తప్పలేదని తరువాత ఆయన రాసుకున్నాడు. ఆయన చేయి పట్టుకున్న ప్రతివారూ బాగుపడ్డారని నేను చెప్పబోవడం లేదు. కొందరు మళ్లీ తాగారు, కొందరు మళ్లీ దొంగిలించారు, కొందరు ఆయనను మోసం చేశారు. మోసపోవడానికి సిద్ధపడనివాడు జామీను ఉండలేడు.

ఇంత మంచి పనికి ఊరు ఊరంతా జేజేలు పలికిందనుకుంటున్నారా? లేదు. మొదటి ఎదురుదెబ్బ కోర్టు లోపలి నుంచే వచ్చింది. ఒక మనిషిని జైలుకు తీసుకుపోతే తీసుకుపోయిన అధికారికి ఇంత, గుమాస్తాకు ఇంత, జైలు తలుపు తీసినవాడికి ఇంత అని రుసుము ముట్టేది. అగస్టస్ ఒకరికి జామీను ఉంటే వారందరికీ ఆ మేరకు గండి పడినట్టే. ఆయన కోర్టులో అడుగుపెడితే ముఖం చిట్లించుకున్నవారు తక్కువమంది కారు. ఇతరులు ఇంకొక రకం. ఈయన దీని మీద డబ్బు చేసుకుంటున్నాడని పుకారు పుట్టించారు. పేదలకు జామీను ఉండి డబ్బు గడించడం ఎట్లాగో వారే చెప్పాలి. నేరస్తులను వెనకేసుకొస్తున్నాడని మరికొందరు అన్నారు. పత్రికల్లోనూ ఎత్తిపొడిచారు.

దుకాణం సంగతి చూడండి. పగలంతా కోర్టులోనే గడిచిపోయేది. పోయిన పనిని రాత్రిళ్లు దీపం దగ్గర కూర్చొని కుట్టేవాడు. కొన్నేళ్లకు అదీ సాగక వ్యాపారం చితికిపోయింది. కొందరు దయగలవారు విరాళాలు ఇస్తే ఆ డబ్బు ఆ చేత్తోనే పేదల జరిమానాలకు పోయేది. ఎక్కడా చోటు లేనివారిని సొంత ఇంటికే తీసుకువచ్చేవాడు. రాత్రి అన్నం దగ్గర ఎంతమంది కొత్త ముఖాలు ఉంటాయో ఆ ఇల్లాలికి ముందుగా తెలిసేది కాదు. చరిత్రలో ఆమె గురించి ఒకటి రెండు మాటలకు మించి లేవు. మన ఉపదేశుల భార్యలను చూసిన మీకు ఆ ఇంటి వంటగది ఎట్లా ఉండేదో నేను వర్ణించనక్కరలేదు.

పదేళ్ల పని గురించి 1852లో ఒక నివేదిక అచ్చువేయించాడు. పద్దెనిమిదేళ్లు ఇట్లా సాగింది. 1858 నాటికి ఆయన జామీను ఉన్నవారి సంఖ్య 1,946. వీరిలో మాట తప్పి జామీను సొమ్ము పోగొట్టినవారు పది మంది మాత్రమేనని చరిత్రకారులు రాస్తారు. 1859 జూన్ 21న ఆయన కన్నుమూశాడు. చేతిలో ఏమీ మిగలలేదు. ఒక నాటికి నలుగురికి పని ఇచ్చినవాడు బీదవాడిగానే పోయాడు. ఆయనకు కోర్టు ఏనాడూ జీతం ఇవ్వలేదు, పదవి ఇవ్వలేదు. ప్రొబేషన్ అధికారి అనే ఉద్యోగమే అప్పటికి పుట్టలేదు.

ఆయన పోయిన తరువాత బోస్టన్ జైలులో చాప్లెయిన్‌గా ఉన్న రూఫస్ కుక్ పిల్లల పనిని చేపట్టాడు. 1878లో మసాచుసెట్స్ ప్రభుత్వం చట్టం చేసి బోస్టన్ నగరానికి జీతం గల ప్రొబేషన్ అధికారిని నియమించే వీలు కల్పించింది. 1899లో షికాగోలో పిల్లలకు ప్రత్యేక కోర్టు ఏర్పడింది. విచిత్రం ఏమిటంటే, ఆ చట్టంలో కూడా ప్రొబేషన్ అధికారులకు ప్రభుత్వ ఖజానా నుంచి జీతం లేదు. మహిళా సంఘాలవారు చందాలు వేసి కొందరికి జీతాలిచ్చారు. మంచిదని అందరూ ఒప్పుకున్న పనికి డబ్బు మాత్రం ఎవరో ఒకరు జోలె పట్టి తేవలసిందే. ఇది మనకు కొత్త కాదు.

మన దేశానికి కూడా ఈ పద్ధతి వచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1920లోనే మద్రాసు బాలల చట్టం వచ్చింది. 1958లో ప్రొబేషన్ చట్టం వచ్చింది. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు నిండని వారికి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కలిసిన బోర్డు విచారిస్తుంది. పిల్లవాడి ఇల్లు, బడి, స్నేహాలు అన్నీ తెలుసుకొని పదిహేను రోజుల్లో నివేదిక ఇమ్మని బోర్డు ప్రొబేషన్ అధికారికి చెబుతుంది. తప్పు రుజువైనా మందలించి ఇంటికి పంపవచ్చు. మంచి నడత మీద మూడేళ్లకు మించకుండా తల్లిదండ్రుల చేతికి అప్పగించవచ్చు. అప్పుడు ఆ తల్లిదండ్రులు ముచ్చలిక రాసి ఇవ్వాలి. బోర్డు కోరితే జామీనుదారుణ్ణి కూడా చూపించాలి.

ఆ చట్టంలో తల్లి, తండ్రి, సంరక్షకుడు అన్న మాటల పక్కన ఇంకొక మాట ఉన్నది. యోగ్యుడైన వ్యక్తి అని. పిల్లవాడి బాధ్యత తీసుకోవడానికి ముందుకు వచ్చి, తగినవాడని తేలిన మనిషి ఎవరైనా సరే. డిగ్రీలు అడగలేదు. బూట్లు కుట్టేవాడు కావచ్చు, బడి పంతులు కావచ్చు, మీరు కావచ్చు. 1841లో బోస్టన్ కోర్టులో లేచి నిలబడిన ఆ మనిషి కోసమే మన చట్టం ఒక కుర్చీ వేసి ఉంచినట్టు నాకు అనిపిస్తుంది. ఆ కుర్చీ మన ప్రాంతంలో ఎన్నిసార్లు ఖాళీగా ఉండిపోతున్నదో మీరు ఆలోచించండి.

అందరూ యోగ్యుడైన వ్యక్తిగా కాగితం మీద సంతకం చేయలేకపోవచ్చు. కాని వాయిదా రోజున ఆ తల్లితో పాటు బస్సెక్కి వెళ్లడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. తండ్రికి ఒక పూట కూలి సర్దవచ్చు. మెకానిక్ షెడ్డు ఉన్నవారు, వడ్రంగి పని చేయించేవారు, ఆ పిల్లవాడికి ఒక స్టూలు వేసి పని నేర్పవచ్చు. పిల్లవాడి పేరు బయట పెట్టకూడదని చట్టమే చెబుతున్నది గనుక దేవాలయం మెట్ల మీద ఆ సంగతి చర్చించకుండా ఉండడం కూడా సాయమే. అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ మరచిపోవద్దు. దొంగ చెల్లెలు అని బడిలో పిలిపించుకొన్న పిల్ల తరువాత బడికి వెళ్లనంటే అది ఏ కోర్టు లెక్కలోకీ రాదు. ఆ ఇంటివారికి ఇవన్నీ చేస్తూ వారిని చిన్నచూపు చూడకుండా ఉండడం అన్నిటికంటె కష్టం. అగస్టస్ దగ్గర నాకు నచ్చినది అదే. ఆయన ఆ తల్లిదండ్రుల స్థానంలోకి తాను ఎక్కి కూర్చోలేదు. ఇవ్వగలిగినవారు పది సెంట్లు ఇచ్చుకుంటుంటే తాను అడ్డుపడి దాతృత్వం చూపించలేదు.

ఈ ప్రశ్న నన్ను ఎందుకు వేధిస్తున్నదో చెబుతానన్నాను. చాలా ఏళ్ల క్రితం నేను వేరొక విచారణలో ఉన్నప్పుడు ఒక శనివారం సాయంత్రం ఒక తల్లి వచ్చింది. మా సంఘపు మనిషే, ప్రతి ఆదివారం పూజకు వచ్చే మనిషి. ఆమె కొడుకు ఇంకో ఇద్దరితో కలిసి పొలం దగ్గర కరెంటు మోటారు దొంగిలించిన కేసులో పట్టుబడ్డాడు. పదిహేనేళ్లు. తండ్రి ఇటుక బట్టీల పనికి పరరాష్ట్రం పోయి ఉన్నాడు. వాణ్ణి ఇంటికి పంపాలంటే ఊళ్లో స్థిరంగా ఉన్న ఒక మనిషి కూడా పూచీ పడితే బాగుంటుందని ఎవరో ఆమెకు చెప్పారట. ఫాదరుగారూ, మీరొక్కసారి వస్తే చాలని ఆమె అడిగింది.

నేను ఆమెను కూర్చోబెట్టాను. టీ ఇప్పించాను. పిల్లవాడు మంచి కుటుంబం వాడేనని విచారణ ముద్ర వేసి ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. ప్రార్థిస్తానన్నాను, ప్రార్థించాను కూడా. కాని గురువు పోయి ఒక దొంగతనం కేసులో నిలబడితే బాధితుడైన రైతు ఏమనుకుంటాడో, పెద్దలు ఏమంటారో అని లోపల వెనుకాడాను. ఆ రైతు కూడా మన సంఘంవాడే. ఆయన నష్టమూ నష్టమే. ఆయన దగ్గరికి కూడా నేను వెళ్లలేదు.

ఆ ఉత్తరం వల్ల ఏ ప్రయోజనమూ లేకపోయింది. పిల్లవాడు మరి కొన్ని వారాలు హోమ్‌లోనే ఉన్నాడు. తరువాత ఇంటికి వచ్చాడుగాని బడికి పోలేదు. తండ్రి వచ్చి వాణ్ణి తనతో పాటు బట్టీకి తీసుకుపోయాడు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. ఆదివారం పూజకు రావడమూ మానలేదు. స్వస్తి చెప్పి వెళ్లిపోయేది, అంతే.

ఆ వాయిదా ఒక మంగళవారం నాడు పడింది. ఆ మంగళవారం నాకు వేరే పని ఏమున్నదో ఎంత ఆలోచించినా ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.